కాలిబంట్లకు తలపాగాల్లేవు

"ఆ చేతి గడియారం నేను చెరపనమ్మా. చచ్చినా చెరపను."

మిట్టమధ్యాహ్నం, ఆఫీసులో ఉండాల్సిన పిల్ల గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట అది. చెప్పులు విప్పలేదు. భుజాన సంచీ దించలేదు. మాదాపూర్ నుంచి మదీనాగూడ దాకా ఏ ఆటో ఎక్కిందో, ఎక్కడ దిగిందో, ఎండలో ఎంత దూరం నడిచిందో గానీ దేవిశ్రీ మొహం కందగడ్డలా ఉంది.

పద్మావతి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. "ఏ గడియారమే? ఎవరిది? ముందు లోపలికి రా, మంచినీళ్లు తాగు."

"నర్సింహది."

ఆ పేరు వినగానే ముందు గదిలో పడక్కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఆ చప్పుడు కూడా లేదు.

తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో ఆ పేరు పలికితే చాలు, ఇదే వరస. కింది వాటాలో ఉండే ఇంటివాళ్ల అబ్బాయి నర్సింహ. సినిమాల్లో ఫైటరు. ఇరవై ఆరేళ్లవాడు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు, ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. శంకరపల్లి దారిలో వేసిన కోట సెట్టు దగ్గర యుద్ధం తీస్తుంటే తలకి దెబ్బ తగిలింది. కళ్లు తెరిచాడు. మాట మాత్రం రాలేదు. తండ్రి వీరేశం ఆ వరండాలోనే పడుకుంటున్నాడు. తల్లి కొమురమ్మ పొద్దున వెళ్లి, మధ్యాహ్నం వచ్చి వంట చేసుకుని, క్యారియరు పట్టుకుని మళ్లీ వెళుతోంది.

పైవాటాలో అద్దెకుంటున్న భీమేశ్వరరావు మాత్రం ఒక్క రోజూ ఆసుపత్రి గడప తొక్కలేదు. అన్నం ముందు కూర్చుంటాడు, నాలుగు మెతుకులు కెలుకుతాడు, లేస్తాడు. అడిగితే అజీర్తి అంటాడు. తొమ్మిది రోజుల అజీర్తి ఎక్కడైనా ఉంటుందా? పద్మావతీ నమ్మలేదు, కాకపోతే అడగడం మానేసింది.

"నర్సింహ గడియారం నీ దగ్గరికెలా వచ్చిందే?"

"నా కంప్యూటర్లోకి వచ్చింది." దేవిశ్రీ గోడకి చేరగిలబడింది. "పొద్దున్నే మా టీమ్ లీడర్ ఒక రీలు ముక్క ఎక్కించి ఇచ్చాడు. ట్రైలర్‌కి కావాలట, అర్జెంటట. రెండువేల ఏళ్ల కిందటి యుద్ధంలో ఒక సైనికుడి చేతికి గడియారం కనిపిస్తోంది, జనం నవ్వుతారు, చెరిపెయ్ అన్నాడు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలమ్మా. ఒక్కొక్కటీ తీసి, గడియారం ఉన్నచోట చర్మం రంగు పూయాలి. నలభై బొమ్మలు పూశాను. మణికట్టు తప్ప ఇంకేమీ చూడలేదు."

"ఊఁ."

"నలభై ఒకటో బొమ్మలో ఆ చెయ్యి పైకి లేచింది. తల పట్టుకోవడానికి."

పద్మావతి గరిటె కింద పెట్టింది.

"అప్పుడు మొహం చూశాను. వెనక్కి జరిపి మొదట్నుంచీ చూశాను. ఎదుటివాడి డాలు అంచు వచ్చి ఇక్కడ తగిలింది." దేవిశ్రీ తన చెవి పైన వేలు పెట్టి చూపించబోయి, చటుక్కున చెయ్యి తీసేసుకుంది. "అది నటన కాదమ్మా. నర్సింహ నిజంగా పడుతున్నాడు. నేనేమో కూర్చుని వాడి చేతికి రంగు పూస్తున్నాను."

"ఆ ముక్క పారెయ్యకుండా మీకెందుకిచ్చారు? పొరపాటున వచ్చిందేమో?"

"పొరపాటా? దాంతోపాటు డైరెక్టరు చీటీ కూడా వచ్చింది. 'ఇంత సహజంగా పడేవాడు మళ్లీ దొరకడు. గడియారం ఒక్కటే లోపం. అది తీసేసి రక్తం పెంచండి' అని."

"రక్తం పెంచడమేమిటే?"

"ఎరుపు ఎక్కువ చెయ్యడం. ఉన్నది వాళ్లకి చాల్లేదు."

పద్మావతి ఉన్నచోటే చతికిలబడింది. సినిమాలో కత్తులు బయటికి రాగానే కళ్లు మూసుకుని, పక్కవాళ్లని "అయిపోయిందా, అయిపోయిందా" అని అడిగే మనిషి ఆవిడ. మనుషులు ఇంతకి తెగిస్తారని ఆవిడకి ఎవరు చెప్పినా నమ్మేది కాదు. "రామ రామ! వాడు ఇంకా మంచం మీదే ఉన్నాడు కదే! రేపు వాళ్లమ్మ చూస్తుందన్న జ్ఞానం కూడా లేదా వీళ్లకి?"

"పెట్టకూడదు."

గుమ్మంలో భీమేశ్వరరావు. కళ్లజోడు చేతిలో ఉంది, లుంగీ అంచు నేల మీద జీరాడుతోంది. "ఆ షాటు సినిమాలో పెట్టకూడదు. నేను ఫోన్ చేసి చెప్తాను."

"చెయ్యండి," అంది దేవిశ్రీ.

ఫోను ఆయన పక్కనే, స్టూలు మీద, కుట్టుగుడ్డ కప్పుకుని ఉంది. ఆయన దాన్ని చూశాడు. చెయ్యి మాత్రం అటు వెళ్లలేదు.

"నాన్నా, ఒక సంగతి అడుగుతాను. పోయిన నెల ఇదే యుద్ధంలో వెనకాల కరెంటు తీగలు కనిపిస్తుంటే అవీ నేనే చెరిపాను. అప్పుడు ప్రతివాడి నెత్తినా ఇంతింత తలపాగాలున్నాయి. నర్సింహ షాట్లో ఒక్కడికీ లేదు. అందరివీ బోడి నెత్తులు, జుట్టు ముళ్లు. మధ్యలో ఏం జరిగింది?"

భీమేశ్వరరావు కళ్లజోడు లుంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ సినిమాకి చరిత్ర చెప్పేది మీరే కదా. మీకు తెలియకుండా తలపాగాలు పోవు కదా!"

కుక్కరు రెండు కూతలు వేసింది. ఎవరూ లేవలేదు.

"సారూ! ఉన్నవా సారూ?"

మెట్ల మీద కొమురమ్మ గొంతు. వెనకే మనిషి. కొంగు తడిగా ఉంది, కాళ్లకి ఆసుపత్రి దుమ్ము. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"జర గీ కాయితం జూడు సారూ. కంపెనోళ్లు పొద్దుగాల దవాఖానకొచ్చి ఇచ్చిపోయిన్రు. మా ఇంటాయన ఏలిముద్ర ఏస్తనన్నడు, నేనే చెయ్యి వట్టుకున్న. పైన మా సారున్నడు, ఆయన సదివి సరే అననిది ఏ కాయితానికి ముద్ర లేదని చెప్పిన. ఒంటిగంటన్నరకు ఇంటికే వస్తమన్నరు."

"వాడెలా ఉన్నాడు కొమురమ్మా?" పద్మావతి అడిగింది.

"గట్లనే ఉన్నడు పద్మమ్మా. పొద్దుగాల నా దిక్కు జూసిండు. ఎవరనుకున్నడో ఏమో, మల్ల గోడ దిక్కు తిరిగిండు." కొమురమ్మ మూతి కొంగుతో అద్దుకుంది. "సదువు సారూ."

భీమేశ్వరరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. ముప్పై మూడేళ్లు పురావస్తు శాఖలో ఉద్యోగం వెలగబెట్టి, రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాల్ని కూడా వేలితో తడిమి చదివిన మనిషి. కొట్టొచ్చినట్టు టైపు చేసిన కాగితం చదవడానికి గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.

"'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మా కుమారుడు నర్సింహకు చిత్రీకరణ సమయములో ప్రమాదవశాత్తు గాయమైనది. కంపెనీ వారు వెంటనే ఆసుపత్రిలో చేర్పించి తగిన శ్రద్ధ తీసుకున్నారు.'" ఆగాడు. కాగితం ఎడమచేతిలోంచి కుడిచేతికి మార్చుకున్నాడు. "'ఇట్లు, తండ్రి లేక తల్లి వేలిముద్ర.'"

"గంతేనా?"

"అంతే."

"మరి ఏసెయ్యమంటవా?"

"ఇప్పుడే వద్దు. ఉంచి వెళ్లమ్మా. ఇంకోసారి నిదానంగా చూసి చెప్తాను."

"సరె సారూ. నువ్వు జెప్పినంకనే." కొమురమ్మ మెట్లు దిగింది. కింద తలుపు గొళ్లెం తీసిన చప్పుడు, ఆ వెంటనే స్టవ్ పంపు కొడుతున్న చప్పుడు పైకి వినిపించాయి.

దేవిశ్రీ తండ్రి దగ్గరికి వెళ్లి నిలబడింది. "వేలు తీయండి నాన్నా."

"ఏ వేలు?"

"కాగితం మధ్యలో పెట్టిన బొటనవేలు. మీరు చదివింది నాలుగు వరుసలు. అక్కడ పది వరుసలున్నాయి."

ఆయన తీయలేదు. కూతురే కాగితం లాక్కుంది. తల్లికి వినిపించేలా, కానీ కిందికి వినపడకుండా చదివింది.

"'సదరు నర్సింహ, ఫైట్ మాస్టరు ఎంత వారించినను వినక, తన తలపాగాను తానే తీసివేసి, ఇతరులను కూడా తీయుటకు ప్రోత్సహించినాడు. కావున ఈ ప్రమాదమునకు పూర్తి బాధ్యత అతనిదే. ఇందుకుగాను యూనియన్ వారు అతని కార్డు రద్దు చేసినచో మాకెట్టి అభ్యంతరము లేదు. ఇకమీదట వైద్యము విషయములో కంపెనీకి సంబంధము లేదు.'"

పద్మావతి భర్త వైపు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఒక అక్షరం మింగడం ఆవిడ ఎరగదు. తమ పెళ్లి శుభలేఖలో తిథి తప్పు పడితే అచ్చు వేసినవాడింటికి నడిచి వెళ్లి దిద్దించి వచ్చిన మనిషి.

"ఇంత ఘోరం ఉంటే చదవకుండా వదిలేశారా? ఆ పిచ్చితల్లి మిమ్మల్ని నమ్మి తెచ్చిందండీ! కార్డు పోతే రేపు వాడు లేచి తిరిగినా ఏ సెట్టు మీదికీ రానివ్వరు. ఇప్పుడు ఆసుపత్రి నుంచీ బయటికి నెట్టిస్తారు. ఎందుకు మింగారు?"

"పద్మా..."

"ఎందుకండీ?"

భీమేశ్వరరావు లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు తీసి మూసిన చప్పుడు. ఆకుపచ్చ ఫైలు పట్టుకుని వచ్చి భార్య ఒళ్లో పెట్టాడు. గవర్నమెంటులో పనిచేసిన అలవాటు, కార్బన్ పెట్టకుండా ఆయన పాలవాడికి కూడా చీటీ రాయడు. సినిమా వాళ్లకి రాసిచ్చిన ప్రతి సలహాకీ నకలు ఆ ఫైల్లో తేదీలవారీగా ఉంది.

దేవిశ్రీ చివరి కాగితం తిప్పింది. షూటింగులో దెబ్బ తగలడానికి ముందు రోజు తేదీ.

"'వంటశాల దృశ్యములో ఎండుమిరపకాయల దండ ఉన్నది. ఆ కాలమునకు మనకు మిరపకాయయే లేదు. తొలగించవలెను. గుర్రములకు, ఎక్కుటకు కాలు మోపు రికాబులు ఉన్నవి. తప్పు. తొలగించవలెను. కాలిబంట్లకు తలపాగాల్లేవు. శిల్పములు చూడుడు. వెంటనే తొలగించవలెను.'" వెంటనే అన్న మాట కింద రెండు గీతలు. వాటికింద పొందికైన సంతకం.

ఆ పిల్ల కాగితంలోంచి తల ఎత్తింది. "మీరా?"

"నేనే."

"మీరు రాసినందుకే తీశారా?"

"దర్శకుడు ఫోన్ చేసి మరీ అడిగాడు. 'తప్పదా సార్' అన్నాడు. తప్పదన్నాను. ఇన్నేళ్లుగా పేపర్లకి ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయానే అమ్మా. ఒక్క సినిమాలోనైనా యుద్ధం యుద్ధంలా ఉండాలనుకున్నాను. పాటలా ఉండకూడదు, నిజంగా ఎలా కొట్టుకున్నారో అలా తీయండన్నాను. మొట్టమొదటిసారి నా మాట వినేవాడు దొరికాడు." "తలపాగా అంటే గుడ్డే అనుకున్నాను. లోపల స్పాంజి కట్టుకుంటారని నాకు తెలియదు. ఫైటర్లు పాతకాలం సినిమా అనగానే ముందు తలపాగా ఉందా అనే అడుగుతారట. దాని మాటున తల కాచుకుంటారట. దెబ్బ తగిలిన రాత్రి యూనియన్ వాళ్లు ఫోన్‌లో తిడితే తెలిసింది."

"రికాబులు తీశారా?" పద్మావతి అడిగింది.

ఈ ప్రశ్న ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. "లేదు. గుర్రాలవాడు ఒప్పుకోలేదు. రికాబులు పీకితే గుర్రాల్ని తోలుకుపోతానన్నాడట. దర్శకుడు నాకు సారీ చెప్పాడు."

"గుర్రాలకి అడ్డుపడేవాడు ఒకడున్నాడు. వీళ్లకి లేడు." పద్మావతి ఫైలు కింద పెట్టింది. "ఎవ్వరూ చెప్పలేదా మీకు? ఇంతమంది ఫైటర్లు, ఒక్కడూ నోరు విప్పలేదా?"

ఆయన వంగి ఫైలు మూశాడు. మాట్లాడకపోయి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ముగ్గురికీ అనిపించింది.

"చెప్పాడు. నర్సింహే చెప్పాడు. ఆ సాయంత్రం మెట్ల మీద కనిపించి, 'సారూ, రేపట్నుంచి మా నెత్తి రుమాళ్లు తీసేస్తరంట గద' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చేతిలో సంచీ ఉంది. నేను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను."

"అవును, టీ ఇచ్చాను." పద్మావతికి గుర్తొచ్చింది.

"శిల్పాల ఫోటోలన్నీ ముందు పరిచాను. ఒక్కొక్కటీ చూపించాను. 'ఒక్కడి నెత్తినైనా గుడ్డ ఉందిరా? నువ్వే చెప్పు' అన్నాను. వాడు వంగి వంగి చూశాడు. 'నిజమే సారూ, ఒక్కనికి లేదు' అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. సంచీలో చెయ్యి కూడా పెట్టాడు, ఏదో తీయడానికి, ఆ స్పాంజేనేమో. నేను తర్వాతి ఫోటో అందుకున్నాను."

దేవిశ్రీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పద్మావతి లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. "రెండువేల ఏళ్ల కిందట చచ్చినవాళ్ల నెత్తిన ఏముందో మీకు తెలుసు. మన కిందింట్లో బతికున్నవాడి నెత్తిన ఏముండాలో తెలుసుకోడానికి ఒక్క నిమిషం లేకపోయిందా మీకు? వాడు చెప్పబోతే వినే తీరిక లేదా?"

"లేకపోయింది."

"మరి తొమ్మిది రోజులుగా ఆసుపత్రికి వెళ్లలేదెందుకు? అజీర్తా?"

"వాడు నన్ను గుర్తుపడితే ఏమంటాడోనని వెళ్లలేదు."

పద్మావతి వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపేసింది. తిరిగి వచ్చి ఏదో అనబోతోంది, ఈలోగా వీధిలో కారు ఆగింది.

ఒంటిగంట అయింది. వచ్చినవాడు మునిస్వామి, ఆ సినిమాకి ప్రొడక్షన్ మేనేజరు. తెల్ల చొక్కా, నుదుట విభూతి, మద్రాసులో ముప్పై ఏళ్లు ఉండి వచ్చిన మర్యాద. కింద ఆగకుండా నేరుగా పైకి వచ్చాడు.

"అమ్మా, నమస్కారం. సార్, ఒంట్లో బాగుందా? చిక్కిపోయారే!" కుర్చీ తనే లాక్కున్నాడు. "రెండు నిమిషాలు సార్. కింద ముద్ర పని చూసుకునే ముందు మిమ్మల్ని కలుద్దామని వచ్చాను. తలపాగాల గురించి మీరు రాసిచ్చారు చూడండి, ఆ కాగితం. ఆఫీసులో ఉన్నది ఇక లేదు. మీ దగ్గర కార్బన్ కాపీ ఉంటుంది."

"ఎందుకు మీకది?"

"మీ మంచికే సార్. అది ఉంటే యూనియన్ వాళ్లకి రుజువు దొరుకుతుంది, పోలీసులు అడుగుతారు. సంతకం మీది. గవర్నమెంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఈ వయసులో స్టేషన్ మెట్లు ఎక్కుతారా? అది లేకపోతే తలపాగా ఎవరు తీశారు? ఆ కుర్రాడు తీశాడు. అయిపోయింది."

"వాడు తీయలేదండీ!" దేవిశ్రీ అరిచింది.

మునిస్వామి ఆమె వైపు చూసి జాలిగా తల పంకించాడు. "అమ్మాయిగారు మన గ్రాఫిక్స్ వాళ్ల దగ్గరే కదా. ఇందాక మౌస్ విసిరికొట్టి వెళ్లిపోయారట, ఫోనొచ్చింది. చిన్న వయసు, ఆవేశం ఉంటుంది. నేను సర్దిచెప్పాను లెండి. చూడమ్మా, ఆ షాట్ తీసేస్తే ఆ కుర్రాడి త్యాగం వృథా కాదూ? సినిమా ఆడినన్నాళ్లూ జనం వాణ్ణి చూస్తారు."

త్యాగం! ఆ మాట అంటున్నప్పుడు ఆ పెద్దమనిషి కనురెప్ప కూడా కదల్లేదు.

"డైరెక్టర్ గారు ఇంకో మాట చెప్పమన్నారు సార్." మునిస్వామి ముందుకు వంగాడు. "చారిత్రక సలహా, మీ పేరు. తెర మీద మీ పేరొక్కటే. నాలుగు సెకన్లు. ఇంకెవరి పేరూ దాంతో కలపం."

భీమేశ్వరరావు జీవితంలో ఎవరూ ఆయనకి అంత పెద్ద ఆశ చూపించలేదు. శాఖలో ఆయన తీసిన శాసనాల నకళ్ల కింద పైఅధికార్ల పేర్లు పడ్డాయి. ఆయన పేరు ముద్దుగా అచ్చయింది ఎప్పుడైనా ఉందంటే, ఆ శుభలేఖలోనే. ఆయన ఫైలు వైపు చూడడం, మునిస్వామి ఆ చూపు పట్టుకోవడం రెండూ ఒకేసారి జరిగాయి.

"ఇచ్చెయ్యండి సార్."

భీమేశ్వరరావు ఫైల్లోంచి ఆ ఒక్క కాగితం తీశాడు. కొమురమ్మ ఇచ్చిన కాగితం కూడా అందుకున్నాడు. లుంగీ సర్దుకుని, చెప్పులు లేకుండా మెట్లవైపు నడిచాడు.

"ఏవండీ!" పద్మావతి పిలిచింది. ఆయన ఆగలేదు.

మునిస్వామి వెనకే లేచాడు. పెద్దాయన తనే దగ్గరుండి ముద్ర వేయిస్తాడని అనుకున్నట్టున్నాడు, జేబులోంచి ఇంకు డబ్బా తీసుకున్నాడు.

కింద వంటగది గుమ్మం దగ్గర కొమురమ్మ క్యారియర్‌లో జావ పోస్తోంది. సారు చెప్పుల్లేకుండా నిలబడడం చూసి కంగారుగా పీట జరిపింది. "కూసో సారూ."

"కూర్చోనమ్మా. ఇందాక నేను ఈ కాగితం పూర్తిగా చదవలేదు. మధ్యలో ఆరు వరుసలు దాచాను. ఇప్పుడు చదువుతాను."

చదివాడు. ఒక్క అక్షరం వదలకుండా, నర్సింహే తలపాగా తీశాడన్న మాట, తక్కినవాళ్లచేత తీయించాడన్న మాట, కార్డు మాట, వైద్యం మాట అన్నీ చదివాడు. చదువుతున్నంతసేపూ కొమురమ్మ గిన్నె పట్టుకునే ఉంది. మెట్ల మీద పద్మావతి, ఆవిడ భుజం పట్టుకుని దేవిశ్రీ.

"సార్, ఏమిటిది?" అన్నాడు మునిస్వామి.

భీమేశ్వరరావు రెండో కాగితం కొమురమ్మ చేతిలో పెట్టాడు. "ఇది నేను రాసింది. కింద సంతకం నాది. తలపాగాలు తీసెయ్యమని చెప్పింది నీ కొడుకు కాదు కొమురమ్మా, నేను. లోపల ఏముంటుందో నాకు తెలియదు. తెలుసుకోలేదు. వాడు చెప్పబోతే వినలేదు. నీ కొడుకు ఇవాళ అలా ఉన్నాడంటే దానికి కారణం నేను. ఇది తీసుకెళ్లి యూనియన్ వాళ్లకి చూపించు. నన్ను ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇక తిట్టనీ, దుమ్మెత్తి పొయ్యనీ, క్యారియరు విసిరి మొహాన కొట్టనీ. ఆయన దానికి సిద్ధపడే దిగాడు.

కొమురమ్మ గిన్నె దించింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని రెండు కాగితాలూ చెరో చేత్తో పట్టుకుంది. చదవడం రాని మనిషి, రెంటినీ మార్చి మార్చి చూసింది.

"గది నాకెరికే సారూ."

"ఏమిటి?"

"నువ్వే తియ్యమన్నవని. దెబ్బ తాకిన నాడే వాని దోస్తులు జెప్పిన్రు." ఆమె గొంతులో కోపం వెతికినా దొరకలేదు. "పొద్దుగాలనే లొల్లి అయిందంట. రుమాళ్లు తియ్యమంటే ఫైటర్లందరు కింద కూసున్నరంట. మేం జెయ్యం, మా నెత్తులు పగుల్తయ్ అన్నరంట. మాస్టరు గూడ వాళ్ల దిక్కే ఉన్నడంట. ఇగ షూటింగ్ బంద్ అన్నరంట."

మునిస్వామి ఇంకు డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"గప్పుడు నా కొడుకు లేసిండంట. 'మా ఇంట్ల కిరాయికుంటడు సారు, పెద్ద సదువు, ఆయన మాట తప్పు గాదు. నిన్న నాకు ఫోటోలు సూపెట్టిండు. నేను కండ్లార జూసిన, ఒక్కనికి లేదు' అన్నడంట. అందరికన్న ముందల తనది ఇప్పి పక్కకు వెట్టిండంట. 'నా నెత్తి మీద భరోసా, నడువున్రి' అన్నడంట. వాన్ని జూసి మిగిలినోళ్లు తీసిన్రంట."

భీమేశ్వరరావు చెయ్యి గుమ్మం మీంచి జారింది. మెట్ల మీద పద్మావతి "అయ్యో దేవుడా" అంది, అందరికీ వినిపించేలాగే.

"చూశారా సార్!" మునిస్వామికి ప్రాణం లేచొచ్చింది. "ఆవిడ నోటితో ఆవిడే చెబుతోంది. మేము రాసింది అబద్ధమా? తనే తీశాడు. పక్కవాళ్లచేత తీయించాడు. ఆ కార్బన్ ఇలా ఇప్పించండమ్మా, ముద్ర వేసేద్దాం." ఇంకు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

కొమురమ్మ అతని వైపు చూడనే లేదు. రెండు కాగితాలూ భీమేశ్వరరావు ముందుకి చాపింది.

"నువ్వు రాసిన కాయితం నిజమే. ఈయన రాసింది గూడ నిజమేనాయె. నాకు సదువు రాదు సారూ. ముద్ర ఎయ్యాల్నా, వద్దా? నువ్వే జెప్పు. వానికి మాటొస్తె, వాడు గూడ నిన్నే అడుగుమంటడు."